కురవని వానను కొలిచే పనితనం

2009లో జూన్ నుంచి ఆగస్టు దాకా దేశంలో చాలా చోట్ల మబ్బు పట్టి విడిపోయింది. ఆ ఏటి నైరుతి వాన దేశం మొత్తమ్మీద సాధారణం కన్నా 22 శాతం తక్కువ. తీరా సీజన్ ముగిసే వేళకు, సెప్టెంబరు నెలాఖరున, కృష్ణా తుంగభద్రల పరీవాహకంలో కుండపోతగా కురిసింది. అక్టోబరు 2న కర్నూలు నగరం నీట మునిగింది. ఇలాంటి చోట ఏడాది వానను మొత్తంగా కూడి రాసుకుంటే కాగితం మీద కరువు జాడ చెరిగిపోతుంది. చేలో మాత్రం కరువు కరువుగానే ఉంటుంది. పొట్ట మీదున్న జొన్నకు ఆగస్టులో అందని తడి అక్టోబరు వరదతో తీరదు.

మన దగ్గరున్న గిన్నెలన్నీ పడిన వానను పట్టేవే. పడని వానను పట్టే గిన్నె లేదు. అందుకే కరువును లెక్కగట్టడం చాలా నేర్పు కావాల్సిన పని. రావాల్సింది ఎంతో ముందు తేల్చాలి, వచ్చినదాన్ని దాని పక్కన పెట్టాలి, మధ్యనున్న ఎడం పైరుకు ఎప్పుడు, ఎంత లోతుగా తగిలిందో చూడాలి. దీనికోసం వందేళ్లకు పైగా ఎందరో ఒక్కో పనిముట్టు చెక్కి పెట్టారు. ఆ పనిముట్లను విడివిడిగా చేతిలోకి తీసుకుని చూడటం నాకు ఇష్టం. ఒక్క పెద్ద వాన, ఒక్క చెడ్డ ఏడాది, ఒక్క తప్పుడు గీత మనల్ని మోసం చేయకుండా ప్రతిదానిలో ఎక్కడో ఒక చోట కాపలా ఉంటుంది.

మొదటిది వర్షమాపకం. పరిశోధన కేంద్రాల ఆవరణల్లో, తహసీల్దార్ కార్యాలయాల దగ్గర చిన్న దిమ్మె మీద కూర్చున్న ఫైబర్‌గ్లాస్ డబ్బాను చాలామంది చూసే ఉంటారు. పైన గరాటు, లోపల సీసా, రెంటినీ పట్టుకుని సగం నేలలో పాతిన అడుగు భాగం. అంతే. కానీ గరాటు అంచును దగ్గర నుంచి చూడండి. అది లోహపు చుట్టు. లోపలివైపు నిట్టనిలువుగా, బయటివైపు ఏటవాలుగా చెక్కి కత్తి అంచులా పెట్టారు. అంచు మీద పడ్డ చినుకు లోపలిదో బయటిదో అక్కడికక్కడే తేలిపోవాలి, మందమైన అంచైతే అది అటూ ఇటూ జారి లెక్క తప్పిస్తుంది. గరాటు గోడలు లోతుగా ఉంటాయి, పెద్ద చినుకు చిట్లినా తుంపర బయటికి ఎగరకూడదు. కింది మూతి సన్నం, సీసాలో చేరిన నీరు ఎండకు ఆవిరైపోకూడదు. అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఇంకా దించితే నేల మీద పడి ఎగిరిన బురద చినుకులు లోపల పడతాయి. పైకి లేపితే అక్కడ గాలి జోరు ఎక్కువ, లోపల పడాల్సిన చినుకును పక్కకు తోసేస్తుంది. దగ్గర్లో చెట్టో గోడో ఉంటే దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరం పాటించాలి.

కొలత గ్లాసులో మరో తెలివి ఉంది. గరాటు నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఒక మిల్లీమీటరు వాన అంటే సీసాలోకి 20 మిల్లీలీటర్లు చేరుతుంది. దాన్ని సన్నటి గాజు గొట్టంలోకి ఒంపితే ఆ ఒక్క మిల్లీమీటరూ పొడుగ్గా సాగి నిలబడుతుంది, దానిలో పదో వంతు కూడా కంటికి అందుతుంది. అందుకే గరాటుకు తగ్గ గ్లాసునే వాడాలి. 200 కొలతకు గీతలు పెట్టిన గ్లాసుతో 100 గరాటు నీటిని కొలిస్తే ఊళ్లో పడిన వాన కాగితం మీద సగమైపోతుంది. ఈ చిన్న గ్లాసులో కనిపించే ఒక మిల్లీమీటరు ఎకరం నేల మీద 4,047 లీటర్ల నీరు.

రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలుస్తారు. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర దాకా పడ్డదంతా ఇవాళ్టి తేదీ కింద రాస్తారు. నిన్న సాయంత్రం కురిసిన వాన పుస్తకంలో ఇవాళ్టిదిగా కనబడితే కంగారు పడనక్కర్లేదు. కనీసం 2.5 మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వాన రోజు కింద లెక్కేస్తారు. ఇక నేను అన్నిటికంటే గౌరవించేది చినుకు పడని రోజు చేసే పనిని. ఆ రోజు కూడా వెళ్లి, గరాటు తీసి, సీసా చూసి, గడిలో ‘0’ అని రాయాలి. ఖాళీ గడి అంటే ఎవరూ చూడలేదని, సున్నా అంటే చూశారు, లేదని. ఈ రెండూ కలిసిపోతే నలభై ఏళ్ల తర్వాత ఆ పుస్తకం తెరిచినవాడికి అది కరువో, చూడాల్సిన మనిషి సెలవు పెట్టిన రోజో ఎన్నటికీ తెలియదు. కురవని వానను కొలవడం ఆ సున్నాతోనే మొదలవుతుంది. ఇప్పుడు ఒక్క తెలంగాణలోనే వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు గంట గంటకూ అంకెలు పంపుతున్నాయి. అయినా పాత పుస్తకాల్లోని ఆ చేతిరాత సున్నాలు లేకపోతే కొత్త అంకెల పక్కన పెట్టడానికి ఏమీ ఉండదు.

రోజులు చేరి వారాలు, వారాలు చేరి నెలలు అయ్యాక రెండో ప్రశ్న: రావాల్సింది ఎంత? సులువైన దారి సగటుతో పోల్చడం. భారత వాతావరణ శాఖ లెక్కలో సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే సాధారణం, 20 నుంచి 59 శాతం దాకా తగ్గితే లోటు, 60 దాటితే తీవ్రమైన లోటు. కరువు అనడానికి లోటు 26 శాతానికి చేరాలి, సగం దాటితే తీవ్ర కరువు. ఈ లెక్క రైతుకీ అధికారికీ ఇట్టే అర్థమవుతుంది, దాని బలం అదే. కానీ దానికో గుడ్డితనం ఉంది. ఏటేటా వాన పెద్దగా ఊగని చోట 30 శాతం లోటు అరుదైన దెబ్బ. అనంతపురం లాంటి చోట, అసలే ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, అదీ నిలకడ లేకుండా కురిసే చోట, అదే 30 శాతం లోటు తరచూ ఎదురయ్యేదే. ఒకే శాతం రెండు చోట్ల రెండు అర్థాలు ఇస్తుంటే పోలిక ఎలా కుదురుతుంది?

దీనికి విరుగుడుగా 1993లో అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన థామస్ మెక్కీ, నోలన్ డోస్కెన్, జాన్ క్లీస్ట్ ఒక సూచిక తయారుచేశారు. పేరు ప్రామాణిక వర్షపాత సూచిక, అందరూ ఎస్‌పీఐ అంటారు. దానికి కావాల్సింది వానపుస్తకం ఒక్కటే. వేడి, గాలి, నేల, పైరు ఏవీ అడగదు. 2009 డిసెంబరులో నెబ్రాస్కాలోని లింకన్‌లో సమావేశమైన నిపుణులు అన్ని దేశాల వాతావరణ శాఖలూ దీన్ని వాడాలని సిఫారసు చేశారు. ఇంత తక్కువ అడిగి ఇంత చెప్పే పనిముట్టు కాబట్టే ఆ గౌరవం దక్కింది.

దాన్ని విప్పి చూద్దాం. ముందు ఒక కిటికీ ఎంచుకోవాలి. ఖరీఫ్ జొన్న కోసమైతే జులై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెలల మొత్తం. కనీసం ముప్పై ఏళ్ల మొత్తాలను వరసగా పేరిస్తే ఒక సంగతి కంటికి కనబడుతుంది. అంకెలు సగటుకు రెండు వైపులా సమంగా పరుచుకోవు. కింద సున్నా అనే గోడ ఉంది, అంతకన్నా తక్కువ కురవలేదు. పైన గోడ లేదు, ఏదో ఒక ఏడాది ఎక్కడికో పోతుంది. అందుకని గంట ఆకారంలో రెండు వైపులా సమంగా ఉండే గీతను పక్కన పెట్టి, ఎడమవైపు ఇరుకుగా లేచి కుడివైపు సాగిపోయే గామా గీతను ఆ అంకెలకు తొడుగుతారు. దాన్ని సరిపెట్టడానికి రెండే మరలు. ఒకటి ఆకారాన్ని, మరొకటి కొలమానాన్ని తిప్పుతుంది.

ఆకారపు మరను బిగించే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. అన్ని ఏళ్ల వానకూ సగటు తీసి దాని సంవర్గమానం రాస్తారు. విడిగా, ఒక్కో ఏటి వానకు సంవర్గమానం తీసి వాటి సగటు రాస్తారు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తారు. అన్ని ఏళ్లూ ఒకేలా కురిసి ఉంటే ఆ తేడా సున్నా. ఏళ్లు ఎంత ఎగుడుదిగుడుగా ఉంటే తేడా అంత పెరుగుతుంది. ఆ చోటి ఆకాశం ఎంత నిలకడ లేనిదో ఈ ఒక్క తీసివేత చెప్పేస్తుంది. ఆకారపు మర దాన్నుంచే వస్తుంది.

ఇక్కడో చిక్కు. సున్నాకు సంవర్గమానం లేదు. మరి అసలు చినుకే పడని ఏళ్లను ఏం చేయాలి? వదిలేస్తే కరువు ఏళ్లనే వదిలేసినట్టు. అందుకని సున్నాలను వేరుగా పెట్టి, మొత్తంలో వాటి వంతు ఎంతో రాసుకుంటారు. మిగతా ఏళ్లకే గామా గీత తొడిగి, చివర్లో సున్నాల వంతును అడుగున చేరుస్తారు. ఫలితం ఎలా ఉంటుందంటే, ఒక ఊళ్లో నలభై ఏళ్లలో పన్నెండు ఏళ్లు ఏప్రిల్‌లో చినుకు పడలేదనుకోండి. సున్నా వంతు 0.3. ఈసారి కూడా ఏప్రిల్ పొడిగానే పోతే సూచిక మైనస్ 0.52 దగ్గర ఆగుతుంది. సగటుతో చూస్తే అది నూటికి నూరు శాతం లోటు. ఎస్‌పీఐ మాత్రం ఆ నేలకు ఏప్రిల్ పొడి అలవాటేనని, అలజడి అక్కర్లేదని చెబుతుంది.

చివరి అడుగులో, ఈ ఏటి మొత్తం ఆ గీతలో ఎంత శాతం ఏళ్లకు కిందుగా ఉందో చూసి, అదే స్థానాన్ని సమంగా ఉండే గంట గీత మీదికి మారుస్తారు. మైనస్ 1 నుంచి ఓ మోస్తరు కరువు, మైనస్ 1.5 నుంచి తీవ్రం, మైనస్ 2 దాటితే అతి తీవ్రం. మైనస్ 1 కన్నా తక్కువ వందకు దాదాపు పదహారు ఏళ్లు, మైనస్ 2 కన్నా తక్కువ రెండు మూడేళ్లు. శ్రీకాకుళంలోనూ అంతే, అనంతపురంలోనూ అంతే. ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టొచ్చు. అలాగని దీనికి అన్నీ తెలుసనుకోకూడదు. వచ్చిన లోటు ఎంత అరుదైనదో ఎస్‌పీఐ చెబుతుంది, ఎంత చేటు చేసిందో చెప్పదు. అసలే తక్కువ కురిసే సీమలో అలవాటైన లోటు కూడా పైరును చంపగలదు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీయడం చాలా అవసరమని నా అభిప్రాయం. నివేదికల్లో వీటిని కలిపేసిన చోటల్లా సీమ రైతుకే అన్యాయం జరుగుతుంది.

కిటికీ వెడల్పును మార్చుకునే వీలు కూడా దీని ప్రత్యేకత. నెల కిటికీ పైపొర తడిని, మూడు నెలలది మెట్ట పైరును, పన్నెండు నెలలది చెరువులనూ బోర్లనూ పట్టుకుంటుంది. ఒకే ఊళ్లో ఒకే నెలలో ఇవి ఒకదానికొకటి ఎదురు చెప్పినా తప్పు కాదు. నిరుటి మంచి వానకు బోరు ఇంకా పోస్తూనే ఉండొచ్చు, గట్టవతల మెట్ట చేను అప్పటికే వాడిపోయి ఉండొచ్చు.

ఈ ఏడాది సంగతి ఇది. మరి ఏళ్ల తరబడి వాన తగ్గుతోందా? ‘మా చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు’ అన్న మాటను పరీక్షించే పనిముట్టు ఎంత సాదాగా ఉంటుందంటే పలక మీద చేసేయొచ్చు. హెన్రీ మాన్ 1945లో ప్రతిపాదించాడు, మారిస్ కెండల్ తీర్చిదిద్దాడు. ఉదాహరణకు ఐదేళ్ల వాన మిల్లీమీటర్లలో 520, 610, 480, 455, 470 అనుకుందాం. ప్రతి ఏటినీ దాని తర్వాతి ప్రతి ఏటితో జతకట్టాలి. పది జతలు వస్తాయి. తర్వాతిది ఎక్కువైతే ప్లస్ 1, తక్కువైతే మైనస్ 1. ఇక్కడ రెండు ప్లస్‌లు, ఎనిమిది మైనస్‌లు, మొత్తం మైనస్ 6. వాన తగ్గుతున్నట్టే ఉంది. కానీ ఆగండి. ఈ ఐదు అంకెలను 120 రకాలుగా వరస మార్చొచ్చు. వాటిలో 28 వరసలు ఇంత మొగ్గునో, ఇంకా ఎక్కువ మొగ్గునో, పైకో కిందికో చూపిస్తాయి. అంటే ఏ కారణమూ లేకుండా ఊరికే కలిపి పరిచినా నాలుగింట ఒకసారికి దగ్గరగా ఇలాంటిది కనబడుతుంది. కాబట్టి దీన్ని ధోరణి అనకూడదు. ముప్పై ఏళ్ల వరసకైతే 435 జతలు, ప్లస్‌లకూ మైనస్‌లకూ తేడా సుమారు 110 దాటితే తప్ప ఈ పరీక్ష నోరు విప్పదు. ఆ నిగ్రహం నాకు నచ్చుతుంది.

ఎంత వేగంగా తగ్గుతోందో చెప్పడానికి కోల్‌కతాలో చదువుకున్న గణాంక శాస్త్రజ్ఞుడు ప్రణబ్ కుమార్ సేన్ 1968లో ప్రచురించిన పద్ధతి ఉంది. అవే పది జతలకు పది వాలులు కట్టి, వరుసలో పేర్చి, నట్టనడిమిదాన్ని, ఇక్కడైతే నడుమనున్న రెండింటి సగటును, తీసుకోవాలి. మన ఉదాహరణలో ఏడాదికి 20.8 మిల్లీమీటర్ల తగ్గుదల వస్తుంది. మామూలుగా గీత గీసే పద్ధతిలో 25.5 వస్తుంది. ఇప్పుడు రెండో ఏట తుపాను వచ్చి 610 బదులు 1,610 కురిసిందనుకోండి. మామూలు గీత ఒక్కసారిగా 125.5కు పడిపోతుంది, ఒక్క ఏడాది మొత్తం కథనే మార్చేసింది. సేన్ నడిమి వాలు మాత్రం 20.8 దగ్గరే కదలకుండా ఉంటుంది, మాన్ లెక్క మైనస్ 6 దగ్గరే ఉంటుంది. ఎందుకంటే ఒకటి ఎక్కువా తక్కువా అని మాత్రమే అడిగింది, మరొకటి నడిమిదాన్నే పట్టుకుంది. తుపాను తాకిడి ఉన్న మన తూర్పు తీరానికి ఇంతకన్నా తగిన పనిముట్టు మరొకటి కనబడదు. కాగితం, పెన్సిలుతో ఈ లెక్క ఒకసారి చేసి చూడండి. 1,610 రాసిన తర్వాత కూడా నడిమి అంకె కదలకపోవడం సొంత చేత్తో చూస్తేనే దాని పనితనం వంటబడుతుంది.

ఈ పరీక్షను ఏటి మొత్తానికే కాదు, ఏ వరసకైనా పెట్టొచ్చు. వాన రోజుల సంఖ్యకు, తొలకరి వచ్చిన వారానికి, రెండు వానల మధ్య అతి పెద్ద ఎడానికి. అసలు విషయం తరచు అక్కడే బయటపడుతుంది. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన వాతావరణ మార్పుల అంచనా ప్రకారం 1951 నుంచి 2015 మధ్య దేశంలో నైరుతి వాన సుమారు 6 శాతం తగ్గింది. ఆరు శాతం అంటే పెద్దగా అనిపించదు. అదే నివేదికలో 1951–80తో పోలిస్తే 1981–2011 మధ్య వర్షాకాలపు పొడి విరామాలు 27 శాతం పెరిగాయని ఉంది. మొత్తం కొద్దిగా తగ్గింది, బెట్ట బాగా పెరిగింది. మన రైతులు ఏడాది మొత్తం ఎంత అని ఎన్నడూ అడగలేదు. మృగశిర పదునైందా, ఆరుద్ర ఎండిందా, మఖ పుబ్బల్లో పడిందా అని కార్తె కార్తెకూ లెక్క చూసుకున్నారు. ఒక కార్తె పదమూడు పద్నాలుగు రోజులు. బెట్టను పట్టుకోవడానికి ఇంచుమించు సరైన కొలత అది.

వాన నుంచి పైరు దగ్గరకు రావాలంటే నేల గుండా వెళ్లాలి. అమెరికా శాస్త్రజ్ఞుడు థార్న్‌త్వెయిట్ 1948లో మొదలుపెట్టి 1955లో మాథర్‌తో కలిసి తీర్చిదిద్దిన నీటి పద్దు ఇక్కడ పనికొస్తుంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వి.పి. సుబ్రహ్మణ్యం ఈ పద్దును భారతదేశపు వాతావరణానికీ కరువులకూ అన్వయించి, ఆ దారిలో శిష్యులను తయారుచేశారు. బ్యాంకు పాసుపుస్తకం చదవగలిగితే ఇది అర్థమైనట్టే. వాన జమ, పైరు తాగింది ఖర్చు, వేళ్ల లోతులో మిగిలింది నిల్వ. నిల్వకు ఒక గరిష్ఠ హద్దు ఉంది, దాన్ని మించి పడ్డది పారిపోతుంది.

ఆ హద్దే నేలకూ నేలకూ మారేది. లెక్క కోసం, పాలమూరు వైపు లోతు తక్కువ ఎర్రనేల వేళ్లకు అందేలా 60 మిల్లీమీటర్లు, నంద్యాల వైపు నల్లరేగడి 180 మిల్లీమీటర్లు దాచుకుంటుందనుకుందాం. రెండూ నిండుగా ఉన్నాయి. జొన్న పొట్ట మీదుంది, వారానికి 30 మిల్లీమీటర్లు తాగుతోంది, వాన ఆగింది. ఎర్రనేల రెండు వారాలకు, రేగడి ఆరు వారాలకు ఖాళీ అవుతాయని తోస్తుంది. అసలు సంగతి ఇంకా ముందే మొదలవుతుంది. నీరు తగ్గేకొద్దీ మట్టి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, వేరు లాగలేదు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ పట్టికల్లో జొన్నకు ఆ హద్దు 0.55. నిల్వలో 55 శాతం ఖర్చయ్యేదాకా పైరుకు ఇబ్బంది లేదు, ఆ తర్వాత దాహం మొదలు. ఎర్రనేలలో 33 మిల్లీమీటర్లకే, అంటే వారం దాటిన వెంటనే. రేగడిలో 99కి, అంటే మూడు వారాలు దాటాక. ఒకే మబ్బు, ఒకే బెట్ట. పది రోజులకే ఒక చేలో ఆకు చుట్టుకుంటుంది, మరో చేను పచ్చగా నిలబడి ఉంటుంది. నంద్యాల, కర్నూలు రేగళ్లలో వానలు వెనకబట్టాక విత్తి, నేలలో దాగిన తడితోనే రబీ జొన్నను గట్టెక్కించే సేద్యం నిలిచింది ఈ మిగులు మీదే. 1972లో పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ను నెలకొల్పినప్పుడు ఆ పొలంలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. ఒకే వాన కింద రెండు నేలలను పక్కపక్కన పరీక్షించే వీలు అక్కడ ఉంది.

దాహం ఎంతో తెలిశాక దిగుబడి ఎంత పోతుంది? 1979లో ఆహార వ్యవసాయ సంస్థ తరఫున డూరెన్‌బోస్, కాసమ్ ఒక చిన్న సమీకరణం ఇచ్చారు. పైరు కోరిన నీటిలో ఎంత వంతు అందలేదో చూసి, దాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తే దిగుబడిలో పోయిన వంతు వస్తుంది. ఆ గుణకం పైరును బట్టీ దశను బట్టీ మారడమే దీని ప్రాణం. జొన్నకు ఎదిగే దశలో 0.2, పూత దశలో 0.55, గింజ కట్టేటప్పుడు 0.45, పక్వానికి వచ్చేటప్పుడు మళ్లీ 0.2. మొక్కజొన్నకు పూత దశలో ఏకంగా 1.5. అంటే పూత మీదున్న వారాల్లో ఐదో వంతు నీరు తగ్గితే జొన్నలో 11 శాతం పోతుంది, మొక్కజొన్నలో 30 శాతం. ఈ అంకెల వెనక మొక్క స్వభావం ఉంది. జొన్న ఆకు మీది మైనం పొర ఆవిరిని అడ్డుకుంటుంది. బెట్ట వస్తే మొక్క ఆకు చుట్టుకుని ఎదుగుదల ఆపుకుంటుంది, తడి తగలగానే మళ్లీ లేస్తుంది. మొక్కజొన్న పీచు సరిగ్గా పుప్పొడి రాలే రోజుల్లో బయటికి రావాలి. నీరందకపోతే పీచు ఆలస్యమవుతుంది, పుప్పొడి రాలిపోతుంది, కండె బోడిగా మిగులుతుంది. మెట్ట చేలల్లో జొన్న తీసేసి మొక్కజొన్న వేసుకుంటూ పోయిన మన ప్రాంతాలు ఈ రెండు అంకెలను కళ్లెదుట పెట్టుకోవాలని గట్టిగా అనిపిస్తుంది.

ఈ అంచనా నిజమో కాదో తేల్చడానికి పాత దిగుబడుల పట్టిక తెరిస్తే వెంటనే ఓ అడ్డు. వాన ఎలా ఉన్నా దిగుబడి ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది. 1964లో దేశపు మొదటి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 విడుదలైంది, ఆపై ఎరువులు, మెరుగైన దుక్కి. 1970 నాటి మంచి ఏడాది ఎకరా పంట, 2005 నాటి చెడ్డ ఏడాది పంట కన్నా తక్కువ ఉండొచ్చు. అందుకని ముందు విత్తనాలూ ఎరువులూ తెచ్చిన ఎదుగుదలకు ఒక నున్నని గీత గీసి, ప్రతి ఏటి దిగుబడి ఆ గీతకు ఎంత పైనో కిందో మాత్రమే తీసుకుంటారు. వాన సంగతి ఆ మిగులులోనే ఉంటుంది.

ఆ దిగుబడి అంకెలు మాత్రం ఎక్కడివి? కోత ప్రయోగం నుంచి. దాన్ని శాస్త్రీయంగా నిలబెట్టినవారిలో 1940లలో పి.వి. సుఖాత్మే ముఖ్యుడు. ఎంపికైన పొలంలో నైరుతి మూల నుంచి మొదలుపెడతారు. పొడవు, వెడల్పు అడుగులేసి కొలుస్తారు. యాదృచ్ఛిక అంకెల పట్టిక చెప్పినన్ని అడుగులు ఒక గట్టు వెంబడి, చెప్పినన్ని చేలోకి వేసి అక్కడ మేకు దిగ్గొడతారు. ఐదు మీటర్లకు ఐదు మీటర్లు తాడు కడతారు. బాగా పండిన చోటును ఎంచుకునే వీలు కోసేవాడికి ఉండదు, ఎండిన చోటును చూపించే వీలు రైతుకూ ఉండదు. మొక్క మొదలు తాడుకు లోపలుంటేనే లెక్క. కంకి లోపలికి వాలినా మొదలు బయటుంటే వదిలేయాలి. కోసి, నూర్చి, తూచి, పచ్చి గింజ ఆరాక ఎంత తూగుతుందో మళ్లీ చూస్తారు. ఆ 25 చదరపు మీటర్లలో కిలో గింజ అంటే హెక్టారుకు 400 కిలోలు. తూకంలో వంద గ్రాముల పొరపాటు హెక్టారుకు 40 కిలోలవుతుంది, అందుకే ఆ తాడు దగ్గర, ఆ త్రాసు దగ్గర అంత పట్టుదల.

ఇప్పుడు రెండు అంకెలు ఎదురెదురుగా నిలుస్తాయి. నీటి పద్దు చెప్పిన దిగుబడి, తాడులోపల తూచిన దిగుబడి. దగ్గరగా వస్తే సంతోషమే, రాకపోతే అక్కడినుంచి పని మరీ రుచిగా ఉంటుంది. ఖరీఫ్ జొన్నలో తరచుగా ఎదురయ్యే ఒక తేడా చూడండి. మొత్తం వాన ఫర్వాలేదు, పూతలో తడి ఉంది, పద్దు మంచి పంటే చెప్పింది. త్రాసు మాత్రం బాగా తక్కువ చూపించింది. చేలోకి వెళ్లి అడిగితే తొలకరి మూడు వారాలు ఆలస్యమైందని, విత్తడం వెనకబడిందని తెలుస్తుంది. ఆలస్యంగా మొలిచిన జొన్నను మొవ్వు ఈగ పట్టుకుంటుంది. దాని పురుగు లేతమొక్క నడిమి సుడిని కొరికేస్తుంది, మొవ్వు ఎండి, లాగితే ఊడి చేతికొస్తుంది. చేలో మొక్కల సంఖ్యే పడిపోతుంది. నీటి పద్దుకు పురుగు కనబడదు, దానికి నీరే కనబడుతుంది. కానీ ఆ పురుగును పిలిచింది రాని వానే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పట్టికలో మరో గడి చేరుస్తారు: విత్తనం పడిన వారం. ఆ గడి నింపడానికి ఏ పరికరమూ లేదు. ఊరికి వెళ్లి, గొర్రు ఏ కార్తెలో కట్టారని రైతునే అడిగి రాసుకోవాలి.